పదకొండు బ్యాడ్జీలు, ఒక్కటీ పోలేదు

ఆయన్ని అందరూ జాగ్రత్తయ్య అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, అది ఓటర్ల జాబితాలోనూ, ముందుగదిలో పటం కట్టి వేలాడదీసిన ఒక కాగితంలోనూ తప్ప ఇంకెక్కడా బతికి లేదు. డెబ్భై ఏడేళ్ల మనిషి. ఇంట్లోంచి అడుగు బయటపెట్టేముందు చొక్కా జేబు, పంట్లాం కుడి జేబు, ఎడమ జేబు వరసగా తడుముకునేవాడు. తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. నాలుగడుగులు వేశాక అనుమానం పీకేది. వెనక్కొచ్చి నాలుగోసారి లాగేవాడు. ఒకనాడు అలా నాలుగోసారి లాగుతూంటే లోపల్నుంచి, "తాళం గట్టిగానే పడిందండీ, దానికి నేనే సాక్ష్యం. ఇక తీస్తే నేనూ వస్తాను" అని భార్య గొంతు వినిపించింది. ఆవిణ్ణి లోపలుంచి తాళం వేశాడన్నమాట. పోగొట్టుకోకూడని వస్తువుల్లో తననీ కలిపేశాడని ఆవిడ వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఉద్యోగం కూడా ఆయన తత్వానికి తగ్గదే దొరికింది. బస్‌స్టేషన్లో చివరి ప్లాట్‌ఫారం పక్కన, పార్సిల్ ఆఫీసుకీ మరుగుదొడ్లకీ మధ్య ఒక ఇరుకు గది. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ అక్కడికి చేరేవి. గొడుగులు, టిఫిన్ క్యారియర్లు, ఒంటి చెప్పులు, పెళ్లి ఫోటోలు, ఒకసారి చెక్కకాలు. చెక్కకాలు మర్చిపోయినవాడు బస్సు ఎలా దిగి వెళ్లాడో ఇప్పటికీ తేలలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు జాగ్రత్తయ్య ఆ గదికి కాపలా. ఆయనకి ఒకటే సూత్రం: గుర్తులు చెప్పందే వస్తువు చేతికివ్వడు. గొడుగు అంటే ఊచలెన్ని, పిడి ఏ రంగు. పెట్టె అంటే లోపల పైన ఏముంది, అడుగున ఏముంది.

ఒక పెద్దమనిషి కట్టుడు పళ్ల కోసం వచ్చాడు. నోట్లో పళ్లు లేవు గనక ఆయన ఏమంటున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. "గుర్తులు చెప్పండి" అన్నాడు జాగ్రత్తయ్య. పెద్దమనిషి నోరు తెరిచి చిగుళ్లు చూపించాడు. "ఖాళీ చూపిస్తే సరిపోదండీ, సరుకు గుర్తులు కావాలి" అన్నాడు ఈయన. అద్దాల బీరువాలోంచి తన పళ్లు తననే చూసి నవ్వుతూంటే, ఆ పెద్దమనిషి పాపం ముప్పావుగంట కాగితం మీద బొమ్మలు గీస్తూ కూర్చున్నాడు. చివరికి పై వరసలో ఒక పన్ను చివర విరిగిందని గీసి చూపించాక గానీ బీరువా తెరుచుకోలేదు. ఈ కథ చెప్పి జాగ్రత్తయ్య ఎంత నవ్వేవాడో! పళ్లు పోయినవాడు నవ్వాడో లేదో ఎప్పుడూ చెప్పలేదు.

ఈ జాగ్రత్త ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. పటాలంలో అంటుకుంది.

ఇరవయ్యో ఏట సైన్యంలో చేరి స్టోరు గుమస్తా అయ్యాడు. దుప్పట్లు, బూట్లు, పళ్లేలు చూసి ఇవ్వడం, చూసి తీసుకోవడం. ఒక ఎండాకాలం వాళ్లని లారీలెక్కించి, చెట్టూ చేమా లేని ఒక మైదానంలో దింపారు. అక్కడ అణుబాంబు పేల్చి చూస్తారట. ముందుగా ఆ మైదానంలో పాత లారీలు, డేరాలు, ఇనప్పెట్టెలు వరసగా నిలబెట్టారు. పేలాక వెళ్లి అవి ఏమయ్యాయో చూడాలి, మిగిలినవాటిని మోసుకురావాలి. అదీ పని.

బయల్దేరేముందు మనిషికొక బ్యాడ్జి ఇచ్చారు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. లోపల చిన్న ఫిల్ము ముక్క. పేలుడు తాలూకు కిరణాలు మనిషి మీద ఎంత పడితే ఆ ఫిల్ము అంత నల్లబడుతుంది. ఇది ఇప్పుడు చెబుతున్న మాట. ఆరోజు సార్జెంటు చెప్పింది రెండే ముక్కలు. "ఛాతీ మీద పెట్టుకోండి. పోగొట్టినవాడు ఇరవై రోజులు మరుగుదొడ్లు కడగాలి."

మొదటి ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. రెండోది పదకొండు మందికీ ఎక్కింది.

వాళ్ల డేరాలో పదకొండు మంది. బ్యాడ్జీలకి పిన్నులు సరిగా లేవు. వంటవాడిది మొదటిరోజే ఉడుకుతున్న గిన్నెలో పడితే గరిటెతో తీసి తుడిచారు. పొడుగోడిది చొక్కాతో సహా చాకిరేవుకి పోయి వచ్చింది. ఈలవాడికి తనదెక్కడుందో తనకే తెలియక, అర్ధగంట వెతికి బూటులోంచి తీశాడు. ఇదంతా చూసి మన స్టోరు గుమస్తాకి ప్రాణం ఉసూరుమంది. "ఇలాగైతే అందరం కలిసి మరుగుదొడ్లు కడుగుదాం. అన్నీ ఇలా నాకివ్వండి. తిరిగివ్వాల్సిన రోజు నేనే ఇస్తా" అన్నాడు.

"నీ కడుపు చల్లగుండ!" అన్నాడు వంటవాడు, బ్యాడ్జి ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు కళ్లకీ అద్దుకుంటూ.

పదకొండు బ్యాడ్జీలూ ఖాళీ బిస్కెట్ల డబ్బాలో, మధ్యమధ్య దూది పెట్టి, తనదాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టి, ఆ డబ్బాని స్టోరులో ఇనప్పెట్టెలో ఉంచి తాళం వేశాడు. స్టోరు మైదానానికి పన్నెండు మైళ్ల వెనక. తాళం మూడుసార్లు లాగి చూశాడు. నాలుగోసారి లాగే అలవాటు తర్వాత వచ్చింది.

మర్నాడు పదకొండు మందీ మైదానంలో వీపులు తిప్పి కూర్చున్నారు. ఎవరో వెనక పొయ్యి తలుపు తీసినట్టు మెడ మీద సెగ తగిలింది. కాసేపటికి నేల కదిలింది. ఆ తర్వాత మూడు రోజులు కరిగిన లారీల మధ్య తిరిగారు, మోశారు, అక్కడే తిన్నారు. గాలికి బూడిదలాంటి ధూళి వచ్చి గిన్నెల మూతల మీద పడేది. వంటవాడు దాన్ని చొక్కా అంచుతో తుడిచి వడ్డించేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఇసక కరిగి గాజులా గడ్డకట్టిన ముద్ద ఒకటి ఏరి తెచ్చుకున్నాడు. జ్ఞాపకంగా ఉంటుందని. పెళ్లయ్యాక వాళ్లింట్లో అది తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టే రాయి అయింది. మైదానం అంతా అయ్యాక వాళ్లకి మిగిలిన జ్ఞాపకాలు రెండే. వంటవాడికి ఆ ముద్ద, జాగ్రత్తయ్యకి ఒక కాగితం.

కాగితం కథ ఇది. బ్యాడ్జీలు అప్పగించేరోజు మిగతా డేరాల్లో పందొమ్మిది పోయాయని తేలింది. కెప్టెన్ నిప్పులు తొక్కుతున్నాడు. అప్పుడు మన గుమస్తా బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. పదకొండు. గీత లేదు, మరక లేదు. కెప్టెన్ మొహంలో ఆ వేసవి మొత్తానికి మొదటిసారి పళ్లు కనిపించాయి. అక్కడికక్కడే ప్రశంసాపత్రం టైపు చేయించాడు. పదకొండు మంది పేర్లు. కింద: "వీరందరును బ్యాడ్జీలను నియమము ప్రకారము ఛాతీపై ధరించి, భద్రముగా తిరిగి అప్పగించిరి. ఒక్కటియు పోలేదు."

గుమస్తా చదివాడు. "ధరించి" అన్నచోట వేలు ఆగింది. 'ధరించలేదు సార్' అనాలి. కానీ కెప్టెన్ సంతకం పెట్టేశాడు, కలం మూత కూడా బిగించేశాడు. ఇరవయ్యేళ్ల గుమస్తా సెల్యూట్ కొట్టి కాగితం తీసుకున్నాడు.

ఆ తర్వాత ఎన్ని ఇళ్లు మారినా ముందు ఆ పటానికే మేకు పడేది. పొయ్యి ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సంగతి. యాభై ఏడేళ్లు అది గోడ మీద ఉంది. చూడ్డానికొచ్చినవాళ్లకి ఆయన చివరి ముక్క చదివి వినిపించేవాడు. ముందు ముక్క చదివేవాడు కాదు. చదవకపోవడం అలవాటైపోయి, అది అక్కడుందన్న సంగతే మర్చిపోయాడు. ఆయన జన్మలో మర్చిపోయింది బహుశా అదొక్కటే.

పదకొండు మందిలో ఇద్దరు మిగిలారు. జాగ్రత్తయ్య, వంటవాడు. జాగ్రత్తయ్య రాయిలా ఉన్నాడు. వంటవాడికి రెండేళ్ల కింద రక్తం పట్టడం మానేసింది. ఎముకల్లో మూలుగ పని చెయ్యడం లేదన్నారు డాక్టర్లు. పదిహేను రోజులకోసారి రక్తం ఎక్కించాలి. పెద్దాసుపత్రిలో తెల్లారేసరికి వరసలో నిలబడి చీటీ తీసుకోవాలి. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇవాళ రక్తం లేదు, ఎల్లుండి రండి" అనేవారు. ఊరికి అవతలి చివర సైనికుల ఆసుపత్రి ఉంది. అక్కడ మంచాలున్నాయి, రక్తం ఉంది, వరసలు లేవు. కానీ జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందని రుజువు చెయ్యాలి.

దానికి అర్జీల ఆఫీసువాళ్లు రెండు అడిగారు. ఈ మనిషి ఆ మైదానంలో ఉన్నాడా? ఉంటే, కిరణాలు ఇతని మీద పడ్డాయా? మొదటిదానికే దిక్కు లేకపోయింది. ఆ పటాలం కాగితాలున్న గోడౌను కప్పు కారి, అన్నీ కలిసి గుజ్జయిపోయాయట. వేరేచోట ఉన్న బ్యాడ్జీల లెక్క ఒక్కటే మిగిలింది గానీ, అందులో పేర్లు లేవు, డేరాల నంబర్లే.

ఇదిగో ఇక్కడ జాగ్రత్తయ్య వెలిగిపోయాడు. "నా దగ్గరుంది కదరా!" అన్నాడు. పటం దింపి, తువ్వాల్లో చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని జిరాక్సు కొట్టుకి పోయాడు. కొట్టతన్ని ముట్టుకోనివ్వకుండా తనే అద్దం మీద పెట్టాడు.

"పెద్దాయనా, మూత వెయ్యాలి, చెయ్యి తియ్యండి" అన్నాడు కొట్టతను.

"నువ్వు నొక్కు నాయనా, నా చెయ్యి సంగతి నీకెందుకు?"

మొదటి కాపీలో కెప్టెన్ సంతకం మీద నాలుగు వేళ్లు పడ్డాయి. రెండోది బాగా వచ్చింది. అది అర్జీకి జతయింది. "ఇంక నీకు భయం లేదురా వంటోడా" అన్నాడు జాగ్రత్తయ్య. వంటవాడి భార్య కళ్లొత్తుకుంటూ, "అన్నయ్యా, మీ జాగ్రత్తే మమ్మల్ని ఒడ్డుకి చేర్చాలి" అంది.

నాలుగు నెలలకి జవాబొచ్చింది. కాగితాలు చదవడంలో జాగ్రత్తయ్యకి సాటి లేరని, వంటవాడి భార్య కవరు విప్పకుండానే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని చదివాడు.

"మొదటిది ఒప్పుకున్నారమ్మా! మైదానంలో ఉన్నాడని ఒప్పేసుకున్నారు. నా కాగితం వల్లే. ఇదిగో, రాశారు కూడా, 'జతపరిచిన ప్రశంసాపత్రము ఆధారముగా' అని."

"చల్లటి మాట చెప్పారన్నయ్యా. మరి రెండోది?"

రెండోది చదువుతూంటే ఆయన పెదాలు కదలడం ఆగిపోయింది. 'నియమము ప్రకారము ధరించబడిన బ్యాడ్జి యందు నమోదైన మోతాదు: సున్న. కావున అర్జీ త్రోసిపుచ్చడమైనది.'

"ఏమైందన్నయ్యా?"

"సున్నా అంటున్నారు."

"అంటే?"

"ఏదో... ఏదో పొరపాటమ్మా. నేను వెళ్లి మాట్లాడొస్తాను. నువ్వెళ్లు."

ఆవిడ వెళ్లాక ఆయన కుర్చీలో అలాగే ఉండిపోయాడు. బిస్కెట్ల డబ్బా. దూది. పన్నెండు మైళ్ల వెనక ఇనప్పెట్టె. అందులో ఫిల్ము నల్లబడకుండా ఎంత భద్రంగా ఉండాలో అంత భద్రంగా ఉంది. మింగలేడు, కక్కలేడు. తన భార్యకి చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ విన్నది. విన్నాక కత్తి పక్కన పెట్టింది.

"అంటే మీరూ పెట్టుకోలేదు."

"లేదు."

"మీ మీదా పడిందో లేదో తెలీదు."

"తెలీదు."

వాళ్లకి పిల్లలు లేరు. మూడుసార్లు నెల తప్పింది, మూడుసార్లూ కడుపు పోయింది. ఆ రోజుల్లో అందరూ ఆవిడ ఒంట్లోనే లోపమన్నారు. ఆవిడా అదే అనుకుని ఊరుకుంది. ఇప్పుడావిడ లేచి, ఎండబెట్టిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్లి, చాలాసేపు రాలేదు.

అర్జీల ఆఫీసులో మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యడం లేదు. బల్ల వెనక నడివయసు అధికారి జలుబుతో బాధపడుతున్నాడు. చెడ్డవాడు కాదు. కుర్చీ తనే జరిపి, "కూర్చోండి పెద్దాయనా, ఊపిరి తీసుకోండి" అన్నాడు. జాగ్రత్తయ్య ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాడు. డబ్బా, దూది, ఇనప్పెట్టె, మరుగుదొడ్లు. అధికారి ముక్కు తుడుచుకుంటూ, ఫైలు తిప్పుతూ విన్నాడు.

"అంటే ఎవరూ బ్యాడ్జి పెట్టుకోలేదంటారు."

"ఒక్కరూ పెట్టుకోలేదండీ."

"రుజువు?"

"నేనే రుజువు. నేనే కదా తాళం వేసింది!"

"మీరు చెబితే చాలదండీ. ఏదైనా గుర్తుండాలి. ఆ డబ్బా ఉందా?"

"అది స్టోరుదండీ. తిరిగి ఇచ్చేశాను." ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన గొంతులో కాస్త గర్వం పలికింది. పలికినందుకు సిగ్గేసింది.

"ఇంకెవరైనా సాక్షులు?"

"వంటవాడున్నాడు."

"ఆయన అర్జీదారు. ఆయన మాట ఆయనకి సాక్ష్యం కాదు. మీరూ ఆ పదకొండులో ఒకరు. రేపు మీరూ అర్జీ పెట్టొచ్చు. అందుకని మీ మాటా పనికిరాదు. పన్నెండో మనిషెవరైనా..."

"పన్నెండోవాడికెలా తెలుస్తుందండీ? డేరాలో ఉన్నదే పదకొండు మందిమి!"

"అదీ నిజమే" అన్నాడు అధికారి, నిజంగానే ఆలోచిస్తూ. తర్వాత ఫైలులోంచి జిరాక్సు తీసి బల్ల మీద పెట్టాడు. "చూడండి, దీన్లో ఏముంది? 'నియమము ప్రకారము ఛాతీపై ధరించి.' కెప్టెన్ సంతకం. ఇది అబద్ధమంటారా?"

"అబద్ధమేనండీ."

"అబద్ధమైతే వంటాయన అక్కడున్నాడన్నది కూడా పోతుంది. రెండూ ఒకే కాగితంలో ఉన్నాయి. సగం నిజం, సగం అబద్ధం అని రాయడానికి మా ఫారంలో గడి లేదు."

జాగ్రత్తయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"పోనీ, ఈ కాగితం ఇవ్వలేదనుకోండి. వెనక్కి తీసుకుంటే?"

అధికారి చేతిరుమాలు మడతపెట్టాడు. "మీరడిగారు కాబట్టి చెబుతున్నా. సున్నా వచ్చినవి మా దగ్గర చాలా ఉన్నాయి. బ్యాడ్జి పెట్టుకున్నాడో లేదో తెలీనప్పుడు, సందేహం కింద అర్జీదారుకే అనుకూలంగా రాయమని ఆదేశాలున్నాయి. అక్కడున్నట్టు రుజువు కూడా ఎవరో ఒకరి ప్రమాణం మీద సర్దేవాళ్లం. ఇక్కడ మరి సందేహం లేదు కదండీ. మీ కాగితం తీర్చేసింది. ఫైలులోకొచ్చిన కాగితం బయటికి పోదు."

"ఒక్కటీ పోదు" అన్నాడు జాగ్రత్తయ్య, తనకే వినపడనంత మెల్లగా.

"మీరు బస్‌స్టేషన్లో పనిచేసేవారు కదూ?" అన్నాడు అధికారి, మాట మార్చి కాస్త ఊరడిద్దామని. "మా నాన్నగారి గొడుగు మీ దగ్గరే దొరికింది. ఊచలెన్నో చెప్పలేక రెండుసార్లు తిరిగారు. మూడోసారి మా అమ్మ వెళ్లి తెచ్చింది. మీ పద్ధతి మాకెంతో నచ్చేది."

ఇంత మంచి మాట విని ఎవరైనా లేచి నమస్కారం పెడతారు. జాగ్రత్తయ్యా పెట్టాడు. మెట్లు దిగుతూ మొదటి అంతస్తు దగ్గర కాసేపు కూర్చోవాల్సొచ్చింది.

చెప్పడం ఇంకా మిగిలే ఉంది. రక్తం ఎక్కించే రోజున పెద్దాసుపత్రికి వెళ్లాడు. వంటవాడు బెంచీ చివర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు రెండు చేతుల్తో రెండు గుండిగలు దింపిన మనిషి. ఇప్పుడు మొహం తెల్లకాగితంలా ఉంది. భార్య చీటీ పట్టుకుని పక్కన కూర్చుంది. తన సంచీ తీసి జాగ్రత్తయ్యకి చోటిచ్చింది. "రండన్నయ్యా, ఆఫీసుకి వెళ్లారట కదా?"

ఆయన చెప్పాడు. ఎక్కడా ఆపలేదు, ఎవరి మొహమూ చూడలేదు. ఎదురుగా గోడ మీద 'ఉమ్మివేయరాదు' అని ఉంటే దానికేసి చూస్తూ చెప్పాడు. "నేనా రోజు అడక్కపోతే మీరు పెట్టుకునేవాళ్లు. కెప్టెన్‌తో నిజం చెప్పినా సరిపోయేది. పోనీ మొన్న ఆ కాగితం ఇవ్వకపోయినా సరిపోయేది. మూడుసార్లూ నేనేరా."

వంటవాడు భుజాలు కదుపుతూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే ఆయాసం.

"ఒరేయ్ జాగ్రత్తా, నీ దగ్గర పెట్టకపోతే మాత్రం? నాది మళ్లీ గిన్నెలో పడేది. ఈసారి మొత్తం పటాలానికి వడ్డించేసేవాణ్ణి. ఇరవై రోజులు మరుగుదొడ్లు కడిగేవాణ్ణి. ఈలవాడిదైతే బూట్లోనే ఉండేది, వాడి పాదానికెంత పడిందో తెలిసేది, అంతే. పోనీలేరా."

"పోనిస్తే బాగుండేది" అన్నాడు జాగ్రత్తయ్య.

వంటవాడు ఇంకా నవ్వుతున్నాడు. ఆయన భార్య నవ్వలేదు. చేతిలో చీటీని సగానికి మడిచింది. మళ్లీ సగానికి మడిచింది. తర్వాత పక్కనున్న వాళ్లని, "ఎంతో నంబరు పిలిచారండీ?" అని అడిగింది. సంచీ తీసి మళ్లీ బెంచీ మీద, తనకీ జాగ్రత్తయ్యకీ మధ్య పెట్టుకుంది. ఆవిడ ఒక్క మాట అని ఉంటే, తిట్టి ఉంటే, ఆయన ఇంటికెళ్లి తిండి తినేవాడు. ఆ రోజు తర్వాత ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలవలేదు. మరేమనీ పిలవలేదు. పదిహేను రోజులకోసారి తెల్లారకముందే వచ్చి వరసలో నిలబడి చీటీ తెచ్చేది ఇప్పుడు ఆయనే. ఆవిడ చెయ్యి చాపి చీటీ తీసుకునేది. అంతే.

ఇంటికొస్తే పటం. ఎటు తిరిగినా ఎదురుగా ఉండేది. తియ్యాలంటే ఎక్కడ పెట్టాలి? పెట్టెలో పెడితే పెట్టె తెరిచినప్పుడల్లా కనిపిస్తుంది. చింపేద్దామంటే పదకొండు పేర్లలో తొమ్మిది మంది చచ్చిపోయినవాళ్లు. వాళ్ల పేర్లు ఎలా చింపుతాడు? కాల్చడం ఆయన ఊహకే అందలేదు. డెబ్భై ఏడేళ్లలో ఒక్క వస్తువు పారేసి ఎరగని మనిషికి పారెయ్యడం ఎలాగో తెలీదు. ఆలోచించి ఆలోచించి, తనకి తెలిసిన దారే పట్టాడు. జనం వస్తువులు ఎలా పోగొట్టుకుంటారో ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు?

పటాన్ని తువ్వాల్లో చుట్టి ఏడో నంబరు బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని పటం కాళ్ల దగ్గర, సీటు కిందికి జరిపి పెట్టాడు. అక్కడ పెట్టినవే ఎక్కువ మర్చిపోతారు. మార్కెట్ దగ్గర దిగిపోయాడు. దిగుతూ చెయ్యి అలవాటు కొద్దీ చొక్కా జేబు తడిమింది. బస్సు కదిలింది. రెండు వీధులు బస్సు వెంట పరిగెత్తాలనిపించింది. కాళ్లు కదలకుండా, ఒక పళ్లబండి చక్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు. "ఏం తాతా, కళ్లు తిరుగుతున్నాయా?" అంది పళ్లావిడ. లేదమ్మా అని తలూపాడు. జీవితంలో మొదటిసారి ఒకటి పోయింది. రెండు రాత్రులు నిద్రపట్టింది కూడా.

మూడోరోజు పొద్దున ఫోను. బస్‌స్టేషన్ నుంచి. ఆ ఇరుకు గదిలో ఇప్పుడు గుమస్తాగా ఉన్నావిడ. తను రిటైరయ్యేముందు దగ్గరుండి పని నేర్పిన మనిషి. గొంతులో సంతోషం ఆగడం లేదు.

"గురువుగారూ, భయపడకండి! దొరికింది!"

ఆయన వెళ్లక తప్పలేదు. వెళ్లకపోతే ఆవిడే ఆటో కట్టించుకుని తెచ్చిచ్చేరకం. అదే గది, అదే బీరువా. గొడుగులు కాస్త రంగులు మారాయి. పటం బల్ల మీద ఉంది. అద్దం తుడిచి మెరిపించింది ఆవిడ.

"నాది కాదమ్మా" అన్నాడు జాగ్రత్తయ్య, ఎలాగో.

"బాగుంది! పేరుంది కదండీ, రెండో వరసలో. కండక్టరు తెచ్చివ్వగానే నా ప్రాణం గిలగిల్లాడింది. మీరేంటి, వస్తువు మర్చిపోవడమేంటి! దొరక్కపోతే ఏమైపోయేవారోనని నిన్నంతా ఎంక్వయిరీలో మీ నంబరు కోసం తిరిగాను." తర్వాత కాస్త సిగ్గుపడుతూ బల్ల మీద పుస్తకం తెరిచింది. "తప్పుగా అనుకోకండి గురువుగారూ. పద్ధతి మీరు నేర్పిందే. ఎవరైనా సరే గుర్తులు చెప్పాలన్నారు. మా అన్నయ్య సంచీకి కూడా మినహాయింపు ఇవ్వనివ్వలేదు మీరు."

ఆవిడ పటాన్ని తన వైపుకి తిప్పి పట్టుకుంది, ఆయనకి కనిపించకుండా. అచ్చం ఆయన పట్టుకున్నట్టే.

జాగ్రత్తయ్య నిలబడే పేర్లు చెప్పాడు. కాగితంలో ఉన్నవి అసలు పేర్లు. ఆయన నోటికొచ్చినవి డేరాలో పిలుచుకున్నవి. "పొడుగోడు. ఈలవాడు. నిద్రమొహం. ఇద్దరు కవలలు, వాళ్లని ఎవరూ విడిగా పిలిచేవాళ్లు కాదు..." అని తడబడ్డాడు. ఆవిడ మెల్లగా, "అసలు పేర్లు కావాలండీ" అంది. అసలు పేర్లు చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. వంటవాడి పేరు దగ్గర మాత్రం కాస్త ఆగాడు. ఆవిడ పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోయింది.

"కింద ఏం రాసుందండీ? అదొక్కటీ చెప్పేయండి."

"బ్యాడ్జీలు..." అన్నాడు. మొదటి ముక్క నోట్లోంచి రాలేదు. "ఒక్కటియు పోలేదు."

"సరిగ్గా అదే!" అని ఆవిడ పుస్తకం తిప్పి కలం ఇచ్చింది. ఎక్కడ సంతకం పెట్టాలో ఆయనకి చూపించక్కర్లేదు.

బస్సులో పటం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు టిక్కెట్టు చింపిస్తూ దానికేసి చూసి, "తాతగారూ, దిగేటప్పుడు మర్చిపోకండి" అన్నాడు. జాగ్రత్తయ్య మర్చిపోలేదు.

ఇంట్లో ముందుగది గోడ మీద మేకుకి భార్య క్యాలెండరు తగిలించింది. వంటవాడికి రక్తం ఎక్కించే రోజుల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఎల్లుండి ఒకటి. ఆయన పటం రెండు చేతుల్తో పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు.

"దీన్నెక్కడ పెట్టను?" అన్నాడు.

ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తి పటాన్ని చూసింది, ఆయన్ని చూసింది. మళ్లీ మడతల్లోకి వంగింది.

"ఎక్కడైనా పెట్టండి. పోదు లెండి."